మూపురం కొండ నీటికుక్కలు

నరహరి సారు పాత స్లైడు ప్రొజెక్టరును హైమవతి పాతసామాన్లవాడి తోపుడుబండి మీదినుంచి గుంజుకుంది. అడిగి తీసుకోవడం కాదు, రెండు చేతులా పట్టుకుని గుంజుకోవడమే. సారు నంద్యాల ఆసుపత్రిలో ఉన్నాడు. ఆత్మకూరులో ఆయన అద్దెకున్న గది ఖాళీ చేయాలి. సామాను సర్దడానికి వచ్చిన హైమవతి టీ తాగి వచ్చేలోపు ఇంటి యజమాని ఉత్సాహం కొద్దీ సగం గదిని బండికెక్కించేశాడు.

"అది పనిచెయ్యదమ్మా. ఎందుకొచ్చిన బరువు?" అన్నాడాయన.

"పనిచెయ్యకపోయినా ఉండనివ్వండి," అంది హైమవతి.

పనిచేసింది. ప్లగ్గు పెట్టగానే కాలిన దుమ్ము వాసనతో బల్బు వెలిగి, ఎదుటి గోడమీద రంగులు పరుచుకున్నాయి. చిన్న చట్రంలో బిగించిన ఫిల్ము స్లైడు ఒకటి ఎప్పుడో ఇరుక్కుపోయి దాని నోట్లోనే ఉండిపోయింది. హైమవతి కుర్చీ వెతుక్కోకుండా నేలమీదే కూర్చుండిపోయింది.

అది ఒక గుహ లోపలినుంచి బయటికి చూస్తూ తీసిన ఫొటో. గుహ ముందు ఎండపడిన రాతి అరుగుమీద నీటికుక్కల కుటుంబం ఉంది. తల్లి వెల్లకిలా పడుకుంటే పిల్లలు దాని పొట్టమీద దొర్లుతున్నాయి. ఒక పిల్ల మాత్రం నోట నత్తను కరచుకుని నేరుగా కెమెరావైపు చూస్తోంది. అరుగు అంచున అవి తిని పారేసిన నత్తగుల్లల కుప్ప. ఇంతవరకు హైమవతికి తెలిసిందే. మసకబారిన పాత దినపత్రిక ముక్కలో ఈ బొమ్మను ఎన్నోసార్లు చూసింది. పత్రికవాళ్ళు కత్తిరించి పారేసిన భాగాన్నే ఎన్నడూ చూడలేదు. నీటికుక్కల వెనక ఒక లోయ ఉంది. లోయకు ఎడమ కొసన జలపాతం, కుడి కొసన ఎద్దు మూపురం లాంటి కొండ. అంటే చోటు ఎక్కడుందో ఆ బొమ్మే చెబుతోంది.

ఈ ఫొటో నరహరి సారుకు ఒకప్పుడు దేశమంతా పేరు తెచ్చింది. మరుసటి ఏడే ఆ పేరును బురదలో కలిపింది. సారు బళ్ళో డ్రాయింగు చెప్పేవాడు. సెలవులొస్తే భుజాన కెమెరా తగిలించుకుని నల్లమల అడవిలో తిరిగేవాడు. ఫొటోకు పెద్ద బహుమతి వచ్చాక, అంత ఎత్తు కొండల్లో నీటికుక్కలేమిటని ఎవరో అనుమానించారు. చేపలు పట్టేవాళ్ళు పెంచుకునే నీటికుక్కలను తెచ్చి, రాతిమీద వదిలి తీశాడన్నారు. విచారణకు వచ్చినవాళ్ళు ఈ స్లైడునే చేతపట్టుకుని అడవంతా గాలించారు, అలాంటి గుహ కనబడలేదు. చోటు చూపించమంటే సారు నోరు విప్పలేదు. బహుమతి వెనక్కి తీసుకున్నారు. అప్పుడు హైమవతి ఆయన క్లాసులో ముందు బెంచీ పిల్ల. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆమె చేతికి మొదటి కెమెరా ఇచ్చింది ఆయనే.

ఆ చదువు హైమవతిని చాలా దూరం తీసుకుపోయింది. కెన్యా గడ్డిమైదానాల్లో చీతాల వేటను, బోర్నియో చెట్ల మీద ఒరాంగుటాన్ తల్లులను, లడఖ్ కొండల్లో మంచు చిరుతను ఆమె ఫొటోలు తీసింది. ఏ దేశంలో ఏ వేదికెక్కినా, నా గురువు నరహరి సారు అని మొదలుపెట్టేది. అనగానే ముందు వరుసలో ఎవరో ఒకరు పక్కవాళ్ళ చెవిలో గొణిగేవారు. ఆ గొణుగుడు వింటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడది గొణుగుడుతో ఆగేలా లేదు. ఢిల్లీలో ఒక ప్రచురణ సంస్థ అడవి ఫొటోల్లో జరిగిన మోసాల మీద పుస్తకం వేస్తోంది. మొదటి అధ్యాయమే నరహరి సారు. "నెలాఖరులోగా రుజువు తెండి, ఆ అధ్యాయం తీసేస్తాను. లేకపోతే నా చేతుల్లో లేదు," అని సంపాదకుడు మర్యాదగానే చెప్పాడు. సారు గురించి డాక్టర్లు చెప్పిన గడువు కూడా ఇంచుమించు అంతే. మోసగాడన్న ముద్రతో ఆయన్ని పోనివ్వకూడదని హైమవతి ఆ గోడ ముందే నిశ్చయించుకుంది. ఆసుపత్రికి వెళ్ళి ఆయన్ని మాత్రం అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు.

*

అటవీశాఖ అనుమతి చేతికొచ్చేసరికి వానలు వెనకబట్టాయి. ముగ్గురు బయల్దేరారు. దారి చూపేవాడు మండ్లి ఈదన్న, నేరేడుకుంట గూడెం చెంచు. పులుల జాడలు చూసే వాచరు ఉద్యోగం. ఊళ్ళో పలకరిస్తే తల ఊపి ఊరుకుంటాడు గానీ, అడవిలో అడుగుపెడితే ఆయన నోటికి విశ్రాంతి ఉండదు. మూడోవాడు విజయవాడ కోదండం. జంతువుల వీడియోలు తీసి ఇంటర్నెట్టులో లక్షలమందికి చూపిస్తుంటాడు. ఉత్త ఫొటో తెస్తే అది కూడా అబద్ధమే అంటారని హైమవతే వాడిని పిలిచింది. గుహ దొరికితే చోటుతో సహా లోకమంతా చాటడం వాడి పని.

ఈదన్న స్లైడును ఎండకు ఎత్తిపట్టి ఒక కన్ను మూసి చూశాడు. "ఇది జంగంవాగు లోయ అమ్మా. ఒక కొసన నీళ్ళు దుంకుతాయి, ఇంగో కొసన మూపురం కొండ. నీళ్ళు ఎడంపక్క, కొండ కుడిపక్క రావాలంటే మనం ఇవతలి గట్టున నిలబడాల. ఆ గట్టున గుహలు ఉండాయి గాని, ఇట్లాంటిది నేను జూడలే."

"చూడలేదంటే లేదని కాదుగా ఈదన్నా."

"ల్యాదని నేనెందుకంటా? పోదాం పా."

వెదురు పొదల్లోంచి, మోకాటి ఎత్తు తడిగడ్డిలోంచి, నల్లమద్ది మానుల నీడలోంచి నడిచారు. పిల్లులంతేసి బెట్లుడుతలు కొమ్మకొమ్మకీ దూకుతూ తిట్టిపోశాయి. ఎక్కడో కణితి దుప్పి బొంయ్‌మని అరిస్తే ఈదన్న ఆగి, ముక్కు ఎగబీల్చి, దారి మార్చి తీసుకుపోయాడు. ఎందుకని కోదండం అడిగితే, "పెద్దాయన నీళ్ళకు పోతాండాడు. మనం అడ్డమెందుకు?" అన్నాడు. పెద్దాయనంటే పులి అని అర్థమయ్యాక కోదండం వరస మధ్యలోకి వచ్చి నడిచాడు.

జంగంవాగు లోయ ఒక్కసారిగా కాళ్ళముందు తెరుచుకుంది. ఎడమ కొసన జలపాతం, కుడి కొసన మూపురం కొండ, స్లైడులో ఉన్నవి ఉన్నట్టే కనిపించాయి. ఆ గట్టు పొడుగునా బండల్లో కన్నాలు, నెర్రెలు చాలా ఉన్నాయి. పొద్దంతా ఒక్కొక్కటే వెతికారు. కొన్నిట్లో గబ్బిలాలు, కొన్నిట్లో ముళ్ళపంది ముళ్ళు. ఏ గుహముందు నిలబడి చూసినా లోయ ఏదో ఒక బండ చాటుకు పోయేదే గానీ, జలపాతమూ కొండా రెండూ కలిసి కనిపించలేదు.

పొద్దు వాలుతుండగా ఒక పెద్ద నోరున్న గుహ కనిపించింది. ముందు అరుగులాంటి బండ కూడా ఉంది. కోదండం ఆగలేకపోయాడు. టార్చి వేసుకుని లోపలికి తల దూర్చాడు.

"వొద్దు, ఎనక్కి రా," అన్నాడు ఈదన్న. అప్పటికే ఆయనకు వాసన తగిలింది.

లోపలినుంచి గొంతు చీల్చుకున్నట్టు ఒక గర్జన. నల్లటి ముద్ద ఒకటి చీకట్లోంచి విసురుగా వచ్చింది. ఎలుగుబంటి. హైమవతి కోదండం వీపుసంచి పట్టుకుని శక్తికొద్దీ పక్కకు లాగింది, ఇద్దరూ ముళ్ళపొదలో పడ్డారు. ఈదన్న గొడ్డలి తిరగేసి బండమీద ఠంగుఠంగున కొడుతూ, నోటికొచ్చిన కేకలన్నీ వేశాడు. ఎలుగు వెనక కాళ్ళమీద లేచి, ఒక క్షణం ఎవరిని కొట్టాలో తేల్చుకోలేక, ఆ చప్పుడు భరించలేక వాలులోకి దూసుకుపోయింది. పడ్డప్పుడు ఊడిపోయి దాని కాళ్ళకింద నలిగిన కోదండం బూటు ఒకటి మాత్రం మళ్ళీ తొడుక్కునే స్థితిలో లేదు.

"మీ బూటు బాగ నచ్చింది దానికి," అన్నాడు ఈదన్న.

ఆ సాయంత్రం వాగు పక్కన నిప్పు రాజేసి గంజి కాచుకున్నారు. కోదండం చాలాసేపు గీరుకున్న చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "అక్కా, ఒక మాటంటే కోప్పడవుగా? అప్పుడొచ్చినవాళ్ళూ ఇక్కడే వెతికారు. మనమూ వెతికాం. ఒకవేళ సారు నిజంగానే..."

"ఆ మాట పూర్తిగా అను," అంది హైమవతి.

వాడు మాట మింగి మంటను ఎగదోశాడు. అయినా ఆమెకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. వాడిమీద కోపంతో కాదు. మొదటిసారి అదే అనుమానం తనకూ వచ్చినందుకు, తనమీద తనకే వచ్చిన అసహ్యంతో.

*

తెల్లవారి కోదండం మెత్తబడ్డాడు. నిన్నటి మాటకు పరిహారంగా ఏదైనా సరదా మాట చెప్పాలనుకున్నాడేమో, చిన్న భూతద్దం పెట్టుకుని స్లైడును పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు.

"అక్కా, ఈ నత్తగుల్లలు చూశావా? అన్నీ దక్షిణావర్తమే. మా అమ్మ ఒక్క దక్షిణావర్త శంఖం కోసం రామేశ్వరం దాకా పోయి వచ్చింది. కోటికొక్కటి ఉంటుందట. ఇక్కడ చూస్తే కుప్ప పోసి ఉన్నాయి. ఆవిడకు చూపిస్తే పూజగదిలో చోటు చాలదు."

హైమవతి నవ్వబోయి ఆగింది. వాగు ఒడ్డున తడి రాళ్ళమీద నత్తలు పాకుతున్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. మామూలు నత్త, లోకంలో అన్ని నత్తల్లాగే మెలిక తిరిగింది. ఇంకోటి తీసింది. అదీ అంతే. కోదండం చేతిలోంచి స్లైడు లాక్కుని చూసింది. కుప్పలో ఉన్నవన్నీ వ్యతిరేకంగా తిరిగి ఉన్నాయి. ఒక్క నత్త అలా పుట్టిందంటే నమ్మవచ్చు. ఒక కుప్ప మొత్తం అలా పుట్టదు.

"తిరగేసి ఉంది," అంది హైమవతి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఈ ఫిల్మును చట్రంలో తిరగేసి బిగించారు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమా మారిపోయాయి. జలపాతం ఎడమన కాదు, కుడిన ఉండాలి. కొండ ఎడమన ఉండాలి."

ఈదన్న ఆలోచించి, లోయ అవతలికి చెయ్యి చూపించాడు. "అట్లయితే గుహ ఆ గట్టున ఉండాల. అందరూ ఇవతలి గట్టున దేవులాడినారు."

"పాపం, సారు చూసుకోలేదన్నమాట," అన్నాడు కోదండం. "ఇంత చిన్న పొరపాటుకి అంత శిక్షా?"

స్లైడు తిరగేసి బిగిస్తే వేళ్ళమీద స్కేలుతో కొట్టే మనిషి నరహరి సారు. ఆ దెబ్బలు తాను తిన్నది. ఆయన ఈ పొరపాటు చేయడు. మరి ఎందుకు చేశాడన్నది మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. చూసి తీరాలనే పట్టుదల ఇంకా పెరిగింది.

వాగు నడుము లోతున ఉరవడిగా పారుతోంది. కెమెరా సంచి నెత్తిన పెట్టుకుని, ఈదన్న నరికిన వెదురుగడ ఆనుకుంటూ, ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటారు. నడివాగులో హైమవతి కాలు జారి మెడదాకా మునిగింది, సంచి మాత్రం తడవనివ్వలేదు. అవతలి ఒడ్డున గట్టు నిలువునా గోడకట్టినట్టుంది. ఎండాకాలం వాగు ఇంకితే కింది బండల మీదుగా పాక్కుంటూ పోవచ్చట గానీ, ఇప్పుడు అక్కడంతా నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. వెనకనుంచి చుట్టు తిరిగి గట్టు నెత్తికి ఎక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

గట్టు అంచున నిలబడితే కుడిన జలపాతం, ఎడమన మూపురం. గుహ ఉంటే కాళ్ళ కిందే, బండ చూరు కింద ఉండాలి. పైనుంచి కనబడదు.

"డ్రోన్ పంపిస్తే చిటికెలో తేలిపోతుంది," అన్నాడు కోదండం. ఈదన్న ఏదో అనేలోపే ఎగరేశాడు. అది చూరు కిందికి దిగింది. వాడి చేతిలోని తెరమీద నల్లటి గుహ నోరు, దానిముందు అరుగు కనిపించాయి. మరుక్షణం తెరంతా నల్లబడింది. గుహ పక్కన చూరుకు మంచాలంత తేనెపట్లు వేలాడుతున్నాయి, ఆ రెక్కల మోతకు ఈగలు కమ్ముకున్నాయి. డ్రోన్ గిర్రున తిరిగి లోయలో పడి, వాగులో కొట్టుకుపోయింది.

"పండుకోండి. కదలాకండి," అన్నాడు ఈదన్న గుసగుసగా. ముగ్గురూ గొంగళి కప్పుకుని బండకు కరచుకుపోయారు. ఈగల రొద నెత్తిమీదుగా పోయి, చాలాసేపటికి సద్దుమణిగింది.

తాడు దించే సమయానికి ఈదన్న మొండికేశాడు. తాడు మద్దిమానుకు కట్టినా, రాతి అంచుకు రాసుకోకుండా ఎత్తిపట్టి, లాగుతూ వదులుతూ ఉండే మనిషి పైన ఒకరు కావాలి. "మాకాడ తేనెకు దిగేటోనికి తాడు పట్టేది బామ్మర్దే. అన్నదమ్ములు గూడ పట్టకూడదు. బామ్మర్ది అయితే అక్క తాళి యాదికొచ్చి తాడు వదలడు."

"ఇప్పుడు బామ్మర్దిని ఎక్కడినుంచి తెస్తాం?" అన్నాడు కోదండం.

"నువ్వే. మా ఇంటి ఆడమనిషి పేరు బయమ్మ. బయమ్మక్కా అని పిల్చు, ఆమె ఈడ ఉన్నట్టే. ఆమె తమ్మునివి అయితావు."

కోదండం నవ్వబోయి ఈదన్న ముఖం చూసి మానుకున్నాడు. లోయవైపు తిరిగి, సిగ్గుపడుతూనే, "బయమ్మక్కా," అని పిలిచాడు. ఈదన్న తృప్తిగా తాడు నడుముకు చుట్టుకుని, "జాగర్త బామ్మర్దీ," అంటూ అంచు దాటాడు. ఆయన కిందికి చేరి తాడు కొస బిగించాక హైమవతి దిగింది. తేనెపట్లకు చేయిచాపు దూరంలో, ఊపిరి బిగబట్టుకుని, గోడకు పాదాలు తన్నుకుంటూ దిగి, అరుగుమీద కాలు పెట్టింది.

*

అదే అరుగు. అదే నత్తగుల్లల కుప్ప, ఇప్పుడు మోకాలెత్తు పెరిగింది. గుహ వెనక భాగంలో బండ కిందినుంచి ఊరిన నీళ్ళు మడుగు కట్టి, సన్నటి సొరంగంలోంచి వాగులోకి పోతున్నాయి. ఇద్దరూ గోడకు ఆనుకుని కదలకుండా కూర్చున్నారు.

మడుగులో బుడగలు లేచాయి. ముందు ఒక చదునైన తల, మీసాలు, రెండు నల్ల కళ్ళు. అది వీళ్ళను చూసి ముక్కుతో బుస్సుమంది. వెళ్ళిపోతుందనుకున్నారు. కాసేపు నిదానించి, ఏమనుకుందో ఏమో, ఈలవేసినట్టు పిలిచింది. ఒకదాని వెనక ఒకటిగా నాలుగు పిల్లలు నీళ్ళలోంచి పొర్లుకుంటూ వచ్చి ఎండలో పడ్డాయి. ఒంటికి అంటిన నీళ్ళు దులుపుకుంటూ, ఒకదాని తోక ఒకటి కొరుకుతూ, కిచకిచలాడాయి. హైమవతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారు అబద్ధమాడలేదు. ఇన్నేళ్ళూ అందరూ నవ్విన ఆ మనిషి ఒక్క ముక్క అబద్ధమాడలేదు.

"అమ్మా, ఇటు జూడు," అన్నాడు ఈదన్న మెల్లగా.

గుహ మూలన, బండల చాటున, తుప్పుపట్టిన ఇనుప బోనులు గుట్టగా పడి ఉన్నాయి. కాలు పడితే టక్కున మూసుకునే పళ్ళ బోనులు. ప్రతి బోను పళ్ళ మధ్య, ఇంకెప్పుడూ మూసుకోకుండా, ఒక చిన్న డబ్బీ దిగగొట్టి ఉంది. హైమవతి ఒకటి ముట్టుకుని చూసింది. ఫిల్ము రీలు డబ్బీ. సున్నం పట్టి తెల్లబడినవి కొన్ని, కొత్తగా ఉన్నవి కొన్ని. ఒక్కసారి వచ్చిన మనిషి పని కాదది, ఏళ్ళ తరబడి వస్తూ పోతూ ఉన్న మనిషి పని.

"ఇవి తోలు యాపారమోళ్ళ బోన్లు," అన్నాడు ఈదన్న. "నా సిన్నప్పుడు నీరుకుక్క తోలుకు శానా గిరాకీ. వాగెంట బోన్లు పెట్టేటోళ్ళు. తెల్లారి జూస్తే బోన్లు మాయం. దయ్యం ఎత్తకపోతాందని వాళ్ళల్లో శానామంది ఈ దిక్కుకు రావడమే మానుకున్నారు. ఆ దయ్యం మీ సారన్నమాట."

హైమవతికి అంతా అర్థమైంది. ఈ పిల్లలను లోకానికి చూపించకుండా సారు ఉండలేకపోయాడు. చోటు చెప్పడానికి మనసొప్పలేదు. అందుకే బొమ్మను తిరగేసి పంపాడు. గుహ ఏదని నిలదీసినప్పుడు ఒక్క మాట చెబితే పరువు దక్కేది. ఆ ఒక్క మాట వెంట బోనులు కూడా వచ్చేవి. పరువునే వదులుకున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, ఎవరికీ చెప్పకుండా బోనులు ఏరుకుంటూ బతికాడు.

ఆమె కెమెరా ఎత్తింది. చేతులు అలవాటుగా వాటి పని అవి చేసుకుపోయాయి. తల్లి, పిల్లలు, కుడిన జలపాతం, ఎడమన మూపురం, అన్నీ చట్రంలో కుదురుకున్నాయి. ఒక్క నొక్కు నొక్కితే సారు పేరు కడిగిన ముత్యమవుతుంది. దీనికోసమే ఎలుగుబంటికి ఎదురుపోయింది, వాగులో మునిగింది. కానీ ఆ నొక్కు నొక్కాక ఈ లోయకు దారి తెలియనివాడుండడు. పైన కోదండం కెమెరా సిద్ధంగా ఉంది. హైమవతి చాలాసేపు అలాగే ఉండి, కెమెరా దించి, మూత పెట్టేసింది. ఇక్కడికి రావడానికి పట్టిన పట్టుదల కంటే ఆ మూత పెట్టడానికి ఎక్కువ కావాల్సి వచ్చింది.

"పోదాం ఈదన్నా," అంది.

*

ముందు హైమవతి తాడందుకుంది. ఈదన్న కిందినుంచి తాడు ఊగకుండా పట్టాడు. సగం ఎక్కింది. అప్పుడే ఆకాశంలోంచి ఒక గద్ద ముడుచుకుని వచ్చి, తేనెపట్టును గోళ్ళతో చీల్చి, ఒక ముక్క ఎత్తుకుపోయింది. దానికి ఆకలి తీరింది. ఈగలు మాత్రం మళ్ళీ లేచాయి. ఈసారి పొగలా పైకి లేచి గట్టు నెత్తిమీద వాలాయి.

పైన కోదండం ఉన్నాడు.

హైమవతి మెడమీద, చేతులమీద నిప్పురవ్వలు పడ్డట్టయింది. కళ్ళు మూసుకుని ఎక్కుతోంది. పైన వాడి మూలుగు వినబడుతోంది. ఇప్పుడు తాడు వదిలి పరిగెత్తుతాడు, పరిగెత్తినా తప్పులేదు అనుకుంది. వాడు వదిలేస్తే ఆ కత్తిలాంటి అంచు తాడును ఎంతసేపు ఉంచుతుందో ఆమెకు తెలుసు.

"పో కోదండం, వదిలేసి పో," అని అరిచింది.

తాడు వదులు కాలేదు. ఒక్కొక్క అడుగూ పైకి లాగుతూనే ఉంది. ఆమె అంచు పట్టుకుని పైకి దొర్లి చూసేసరికి వాడి తల, మెడ, చేతులు ఈగలతో నల్లగా కప్పుకుపోయి ఉన్నాయి. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, తాడు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు.

"వదులు, నేను వచ్చేశాను."

"బావ ఇంకా కింద ఉన్నాడు," అన్నాడు వాడు.

"నేనీడ సల్లగ ఉండా బామ్మర్దీ, నువ్వు ఉరుకు," అని లోయలోంచి ఈదన్న కేక వినబడింది. "ఈగలు అణిగినాంక వస్తా."

హైమవతి కెమెరా సంచిని అంచుకూ తాడుకూ మధ్య దోపి, వాడిమీద గొంగళి కప్పి, నడుం పట్టుకుని, గట్టు వెనక వాలులోకి ఈడ్చుకుపోయింది. రాళ్ళమీద దొర్లుతూ, పొదలు చీల్చుకుంటూ, కింద ఉన్న నీటిమడుగులో ఇద్దరూ పడ్డారు. తల ముంచి, ఊపిరికి లేచి, మళ్ళీ ముంచి, ఆ రొద దూరమయ్యేదాకా నీళ్ళలోనే ఉన్నారు. ఈదన్న వచ్చేసరికి పొద్దు గుంకబోతోంది. ఆయనే తాడుకు ఎగబాకి వచ్చి, ఏదో ఆకు నలిపి పసరు కోదండం ముఖానికి పూశాడు. వాడి ముఖం ముఖంలా లేదు. రెండు కళ్ళూ వాచి మూసుకుపోయాయి.

"దొరికిందా అక్కా?" అన్నాడు వాడు.

అంత పని చేసినవాడికి అబద్ధం చెప్పడానికి హైమవతికి నోరు రాలేదు. గుహ గురించి, పిల్లల గురించి, బోనుల గురించి ఉన్నదంతా చెప్పింది. "నువ్వు చూపిస్తానంటే ఆపే హక్కు నాకు లేదు," అంది చివరికి. ఈదన్న పసరు పూయడం ఆపాడు.

కోదండం ఉబ్బిన పెదవులతో నవ్వడానికి ప్రయత్నించి బాధతో మానుకున్నాడు. "నాకు కళ్ళే కనబడట్లేదక్కా. నేనేం చూశానని చూపించను?"

ఈదన్న వాడి భుజం తట్టి, చీకటి పడకముందే ఇద్దరినీ నడిపించాడు.

*

నంద్యాల ఆసుపత్రిలో కోదండాన్ని కింది వార్డులో చేర్పించి, హైమవతి పైకి వెళ్ళింది. నరహరి సారు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, చూపు మాత్రం పాత చూపే. ఆమె మెడమీది దద్దుర్లు, గీరుకుపోయిన చేతులు చూశాడు. ఏమిటని అడగలేదు. హైమవతి స్టూలు లాక్కుని కూర్చుంది.

అంతలో ఫోను మోగింది. ఢిల్లీ సంపాదకుడు. బయటికి వెళ్ళి మాట్లాడవచ్చు. ఆమె వెళ్ళలేదు.

"పేజీలు రేపు ప్రెస్సుకు పోతున్నాయి హైమవతిగారూ. వెళ్ళొచ్చారట కదా, ఏమైనా దొరికిందా?"

సారు కిటికీవైపు చూస్తున్నాడు. వింటున్నాడని ఆమెకు తెలుసు.

"ఏమీ దొరకలేదండీ," అంది. "గాలించాం. అలాంటి గుహ లేదు."

"అయితే ఆ అధ్యాయం..."

"మీరు రాసింది రాసినట్టే వేసుకోండి."

ఫోను పెట్టేసినా ఆమె తలెత్తలేకపోయింది. తన గురువు మోసగాడని తన నోటితోనే, ఆయన ముందే ఒప్పుకుంది. ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. చాలాసేపటికి దుప్పటి మీదినుంచి ఒక బక్క చెయ్యి వచ్చి ఆమె వాచిన మణికట్టును పట్టుకుంది.

"పిల్లలున్నాయా?" అన్నాడు సారు.

"నాలుగు సార్. నాలుగూ పోకిరివే."

ఆయన కళ్ళు మూసుకుని, ఛాతీ కదిలేలా నిశ్శబ్దంగా నవ్వాడు. చెంపలమీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"అయితే వేసుకోనీలే తల్లీ," అన్నాడు.